గిన్నె పొయ్యి మీదుంటే ఒక పేరు, బల్ల మీదుంటే ఇంకో పేరు: వంటింటి ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి?

మా అత్తగారు మొదటిసారి అమెరికా వచ్చిన వారంలోనే పక్కింటావిడ కాఫీకి పిలిచింది. "వుడ్ యూ లైక్ ఎ మగ్ ఆఫ్ కాఫీ?" అని ఆవిడ నవ్వుతూ అడిగేసరికి అత్తయ్య మొహం మాడిపోయింది. "మగ్గుతో కాఫీ ఇస్తుందా ఏమిటమ్మా?" అని నా చెవిలో గొణిగారు. తప్పేముంది? మన ఇళ్లలో మగ్గు ఉండేది బాత్రూంలో, బకెట్టు పక్కన. అక్కడేమో చెవి ఉన్న పెద్ద కాఫీ కప్పును మగ్ అంటారు.

అత్తయ్య తెనాలిలో ముప్ఫై ఏళ్లు పెద్ద సంసారం ఈదారు. మాట తెలియక కాదు చిక్కు వచ్చింది, తెలిసిన మాటే అక్కడ వేరే వస్తువుకు పేరు కావడంతో వచ్చింది. వంటింటి సామాన్ల ఇంగ్లీషులో తొంభై పాళ్లు ఇదే గొడవ. అందుకే ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట ఉన్న పట్టికలు బట్టీ పడితే పెద్దగా ఉపయోగం ఉండదు. అత్తయ్య ఉన్న ఆరు నెలల్లో మేమిద్దరం తంటాలు పడి కనిపెట్టిన పద్ధతి చెబుతాను. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు, హోటల్లో పనికి కుదిరినవాళ్లకు, ఇంటర్ పిల్లలకు కూడా పనికొస్తుంది.

ముందు, వచ్చిన మాటలు లెక్కపెట్టుకోండి

కాగితం తీసుకుని వంటింట్లో నిలబడండి. మీరు రోజూ వాడే ఇంగ్లీషు మాటలు రాయండి. ప్లేటు, గ్లాసు, కప్పు, సాసరు, స్పూను, ఫోర్కు, జగ్గు, ట్రే, బాటిలు, కుక్కరు, స్టవ్వు. పది దాటాయా? మీరు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదన్నమాట.

ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. ఈ మాటల చివర మనం తగిలించిన "ఉ" తీసేయండి. స్పూను కాదు, స్పూన్. ప్లేటు కాదు, ప్లేట్. జగ్గు కాదు, జగ్. తెలుగులో మాట అచ్చుతో ముగిస్తేనే నోటికి హాయి, అందుకే అలా అలవాటైంది. చివరి హల్లు దగ్గరే ఆపేస్తే సరిపోతుంది.

పలకడంలో నాలుగైదు చోట్ల మాత్రం జాగ్రత్త కావాలి. మనం "బౌల్" అంటాం, అది "బోల్", ఫుట్‌బాల్ గోల్‌కి ప్రాస. చాకును రాసేటప్పుడు మొదట్లో కె ఉంటుంది కానీ పలకరు, "నైఫ్" అంతే. ఒకటైతే నైఫ్, రెండైతే "నైవ్స్". జల్లెడ "సివ్", రాతలో చూసి సీవ్ అనుకోకండి. రోకలి "పెసిల్", మధ్యలో టి మింగేస్తారు. సామాన్ల అలమర "కబర్డ్", అందులో పి కనిపిస్తుంది కానీ వినిపించదు.

తర్వాత, ఒక తెలుగు మాటను మూడు చోట్ల పెట్టి చూడండి

ఇదే అసలు పాఠం. తొందరపడకుండా వారం రోజులు దీని మీదే ఉండండి.

గిన్నెతో మొదలుపెడదాం. మనకు అన్నం వండేదీ గిన్నే, పెరుగు తోడేసేదీ గిన్నే, పిల్లాడికి పాయసం పోసిచ్చేదీ గిన్నే. ఇంగ్లీషువాళ్లు అది ఎక్కడుందో చూసి పేరు పెడతారు. పొయ్యి మీద, లోతుగా, రెండు చెవులతో ఉంటే "పాట్". పొడవాటి పిడి ఒకటే ఉండి పాలు కాచుకునేలా ఉంటే "సాస్‌ప్యాన్". లోతు తక్కువై, వేపుడుకు పనికొచ్చేలా వెడల్పుగా ఉంటే "ఫ్రయింగ్ ప్యాన్", అమెరికాలో "స్కిలెట్" అని కూడా అంటారు. అన్నీ కలిపి చెప్పాలంటే "పాట్స్ అండ్ ప్యాన్స్". కూర దింపి, బల్ల మీదకి తేవడానికి ఇంకో గిన్నెలోకి మార్చారా? అది "సర్వింగ్ బోల్". ఎవరి వాటా వాళ్లు తినే చిన్నది ఉత్త "బోల్".

మరి మనం బళ్లో నేర్చుకున్న "వెసెల్" ఏమైంది? మన దేశంలో శుభ్రంగా చెల్లుతుంది. అమెరికాలో, బ్రిటన్‌లో మామూలు ఇళ్లల్లో అలా అనరు. వెసెల్ అనగానే వాళ్లకు ఓడో, రక్తనాళమో తడుతుంది. అంట్లు తోమాలి అనడానికి "ఐ హావ్ టు డూ ద డిషెస్" అంటారు. ఆ డిషెస్‌లో కంచాలు, గ్లాసులు, గరిటెలు, కుక్కరు అన్నీ వచ్చేస్తాయి. అదే డిష్ అనే మాటకు వంటకం అనే అర్థమూ ఉంది, కాబట్టి ఎవరైనా "వాట్ ఈజ్ యువర్ ఫేవరెట్ డిష్?" అంటే స్టీలు పళ్లెం చూపించకండి, గుత్తివంకాయ అనండి.

మూత సంగతి చూడండి. గిన్నె మూత, డబ్బా మూత "లిడ్". నీళ్ల సీసా మూత "క్యాప్". ఈ రెంటికీ తేడా గుర్తుంటే చాలు. మూతను "కవర్" అంటే అర్థం చేసుకుంటారు కానీ, మనం కొట్లో సామాను వేసుకోవడానికి అడిగే కవర్ మాత్రం వాళ్లకు బొత్తిగా తెలియదు. అది "బ్యాగ్".

ఇక గరిటెలు. ఇక్కడ మనమూ వాళ్లూ సమానమే, రెండు చోట్లా బోలెడు రకాలు. పప్పు, చారు తోడే లోతు గరిటె "లేడిల్". అన్నం వడ్డించే వెడల్పు హస్తం "సర్వింగ్ స్పూన్". నూనె కారిపోయేలా బూరెలు తీసే చిల్లుల గరిటె "స్లాటెడ్ స్పూన్", లేదా "స్కిమ్మర్". అట్లకాడ "స్పాచులా". అమెరికాలో కేకు పిండి గిన్నెకి అంటకుండా గీకే రబ్బరు బద్దను కూడా స్పాచులా అనే అంటారు, అందుకని మీకు కావలసింది అట్లకాడే అయితే "టర్నర్" అంటే గందరగోళం ఉండదు. బ్రిటన్‌లో ఇదే అట్లకాడకు "ఫిష్ స్లైస్" అని పేరు. ఉల్లిపాయ కూడా తగలని ఇంట్లో దాంతో దోసె తిప్పినా దాని పేరు ఫిష్ స్లైసే, ఏం చేస్తాం.

పట్కారు దగ్గర ఆగాలి. నిఘంటువు చూస్తే "టాంగ్స్" అంటుంది. కొట్లో టాంగ్స్ అడిగితే సలాడ్ ఆకులు, చికెన్ ముక్కలు పట్టుకునే పొడుగు చిమటా లాంటిది ఇస్తారు. దాంతో మరిగే సాంబారు గిన్నె దింపబోతే చేతులు కాలతాయి. వేడి గిన్నె దింపడానికి అక్కడివాళ్లు మందపాటి గుడ్డ చేతి తొడుగులు వాడతారు, వాటిని "ఓవెన్ మిట్స్" అంటారు. గుడ్డ ముక్కలే అయితే "పాట్ హోల్డర్స్". మనలాంటి పట్కారు కావాలంటే ఇండియన్ స్టోర్‌కి వెళ్లడమో, సూట్‌కేసులో పెట్టుకుని రావడమో. మా అత్తయ్య రెండు తెచ్చారు. టాంగ్స్ ఎప్పుడూ బహువచనమే అని గుర్తుపెట్టుకోండి, కత్తెర "సిజర్స్" లాగా. ఒకటే ఉన్నా "ఎ పెయిర్ ఆఫ్ టాంగ్స్".

బాణలికి "వోక్" దగ్గర చుట్టం, "కడాయ్" అన్నా ఇండియన్ స్టోర్లలో తెలుస్తుంది. అట్ల పెనం "గ్రిడిల్", అక్కడే "తవా". అప్పడాల కర్ర "రోలింగ్ పిన్". తురుమే పళ్లెం "గ్రేటర్". తొక్క తీసేది "పీలర్". మిక్సీ అనకండి, "బ్లెండర్" అనండి. అమెరికాలో మిక్సర్ అంటే కేకు పిండి కలిపే యంత్రం, అల్లంవెల్లుల్లి ముద్ద దానివల్ల కాదు.

చీటీలు అంటించండి, కానీ పేరొక్కటే రాయొద్దు

జిగురున్న చిన్న పసుపు కాగితాలు దొరుకుతాయి కదా, అవి తెచ్చుకోండి. రోజుకు ఐదు వస్తువులు చాలు. చీటీ మీద ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లోనే రాయండి, కింద అది వాడే చిన్న వాక్యం ఒకటి. లేడిల్ మీద "పాస్ మీ ద లేడిల్". లిడ్ మీద "వేర్ ఈజ్ ద లిడ్?" స్పాచులా మీద "ఐ నీడ్ ద స్పాచులా". చేయి ఆ వస్తువును తాకిన ప్రతిసారీ పైకి చదవండి. మూడో రోజు చీటీ పీకేయండి. గుర్తులేకపోతే మళ్లీ అంటించండి, అందులో నామోషీ ఏం లేదు.

మా ఇంట్లో చీటీ ఒకటి పెద్ద నవ్వులాట అయింది. అన్నం వార్చే, కూరగాయలు కడిగే చిల్లుల గిన్నెను "కాలెండర్" అంటారు. అత్తయ్య గుండ్రటి అక్షరాలతో అదే రాసి దానికి అంటించారు. మర్నాడు ఆదివారం, మా ఆయనతో "ఒరేయ్, ఆ కాలెండర్ ఇలా అందుకో" అన్నారు. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండా గోడకున్న తెలుగు క్యాలెండర్ పీకి, తిథి చూడబోతున్నారేమో అనుకుని, చేతికిచ్చారు. ఉడికిన పాస్తా నీళ్లతో సహా సింకు పక్కన ఎదురు చూస్తోంది. గోడ మీదది "క్యా", గిన్నెది "కా". తేడా అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

స్పూన్లను కొలతలతో కలిపి నేర్చుకోండి

స్పూన్ల పేర్లు మరిచిపోతే మాట పోతుందంతే, కొలతలు మరిచిపోతే వంటే పోతుంది. టీ స్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు. టేబుల్ స్పూన్ 15. అంటే మూడు చిన్న చెంచాలు ఒక పెద్ద చెంచా. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు గమనించండి, అక్కడ టేబుల్ స్పూన్ 20 మిల్లీలీటర్లు. వంట పుస్తకాల్లో వీటిని పొట్టి అక్షరాల్లో రాస్తారు. "టీఎస్‌పీ" అంటే టీ స్పూన్, "టీబీఎస్‌పీ" అంటే టేబుల్ స్పూన్. మధ్యలో "బీ" ఉందంటే అది పెద్దది అని గుర్తు.

ఈ బీ చూసుకోకే నేను కొత్త కాపురంలో కేకు చేసి అందులో టీ స్పూన్ బదులు టేబుల్ స్పూన్ వంటసోడా కుమ్మరించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా పొంగింది. నోట్లో పెడితే బట్టల సబ్బు. ముందు మా ఆయన తిని బాగుందన్నారు, అది వేరే సంగతి.

"కప్" అని ఉంటే మీ ఇంటి టీ కప్పు కాదు. అమెరికన్ వంటల్లో కప్ అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. కొలిచే కప్పుల సెట్టు విడిగా దొరుకుతుంది, "మెజరింగ్ కప్స్" అని అడగండి.

తినే స్పూన్లలో సూప్ స్పూన్, డెజర్ట్ స్పూన్ లాంటివి ఉన్నాయి. పెద్ద హోటళ్లలో పనిచేసేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు "స్పూన్" అంటే చాలు.

గ్లాసు దగ్గర ఒక్క నిమిషం

ఇంగ్లీషులో "గ్లాస్" అంటే తాగేదే కాక గాజు అనే పదార్థం కూడా. అందుకే మన "స్టీల్ గ్లాస్" అనే మాట కొత్తవాళ్లకు వింతగా వినిపిస్తుంది, గాజు స్టీలెలా అవుతుందని. మన స్టీలు గ్లాసును "స్టీల్ టంబ్లర్" అనొచ్చు. కాకపోతే ఇప్పుడు అమెరికాలో టంబ్లర్ అంటే మూత, స్ట్రా ఉన్న పొడుగాటి కప్పు ఎక్కువగా గుర్తొస్తుంది, కారులో పెట్టుకుని తిరుగుతారే, అది. కాగితంది, ప్లాస్టిక్‌ది అయితే "కప్". చెవి ఉన్న మందపాటి కప్పు "మగ్". సాసర్ మీద వచ్చేది "కప్". నీళ్ల జగ్ అమెరికాలో "పిచర్", బ్రిటన్‌లో "జగ్"గానే ఉంటుంది.

మన "సిల్వర్ గిన్నెలు" తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఊళ్లో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియంది. ఇంగ్లీషులో సిల్వర్ అంటే అచ్చమైన వెండి. "వి కుక్ రైస్ ఇన్ సిల్వర్" అన్నారనుకోండి, మీరేదో జమీందార్లని అనుకుంటారు. పోనీ వాళ్లన్నా సరిగ్గా ఉన్నారా అంటే, స్టీలు స్పూన్లు, ఫోర్కులు, కత్తులు కలిపి అమెరికాలో "సిల్వర్‌వేర్" అంటారు, వెండి గుండు పిన్నంత ఉండదు అందులో. బ్రిటన్‌లో వాటినే "కట్లరీ" అంటారు, మన హోటళ్లలోనూ అదే మాట. పింగాణీ కంచాలు, కప్పులు కలిపి "క్రాకరీ". మేలిరకం పింగాణీ "చైనా", అది ఏ దేశంలో తయారైనా సరే.

వీటిని బహువచనం చేయొద్దు. కట్లరీస్, క్రాకరీస్, సిల్వర్‌వేర్స్ అనే మాటలు లేవు. బియ్యాన్ని లెక్కపెట్టనట్టే వీటినీ లెక్కపెట్టరు.

బల్ల సర్దడం చేత్తో చేయండి

పుస్తకంలో బొమ్మ చూసి గుర్తుపెట్టుకోవడం కష్టం. భోజనాల బల్ల మీద ప్లేట్ పెట్టి మీరే సర్దండి. ఫోర్క్ ఎడమ పక్క. నైఫ్ కుడి పక్క, పదును ప్లేట్ వైపు. నైఫ్‌కి అవతల స్పూన్. నైఫ్ మొనకు పైన గ్లాస్. బ్రెడ్ పెట్టే చిన్న ప్లేట్ ఎడమవైపు పైన. దాన్ని "సైడ్ ప్లేట్" అంటారు, మన క్యాటరింగ్ వాళ్లు "క్వార్టర్ ప్లేట్" అంటారు.

ఎడమ కుడి తారుమారు కాకుండా మంచి చిట్కా ఒకటుంది. ఇంగ్లీషులో లెఫ్ట్‌కి నాలుగు అక్షరాలు, ఫోర్క్‌కి నాలుగు. రైట్‌కి ఐదు, నైఫ్‌కి ఐదు, స్పూన్‌కి ఐదు. రాసి లెక్కపెట్టుకోండి, ఇక జన్మలో మరవరు.

తినడం అయిపోతే నైఫ్, ఫోర్క్ రెండూ జతగా పక్కపక్కనే ప్లేట్‌లో పెట్టాలి. ఇంకా తింటున్నారంటే రెంటినీ విడివిడిగా, ఏటవాలుగా ఆనించి ఉంచాలి. ఇది తెలియక జతగా పెట్టి చేయి తుడుచుకునే లోపు సగం తిన్న ప్లేట్ ఎత్తుకుపోతారు. పాపం, వెయిటర్ తప్పు కాదు.

అడిగే వాక్యాలు నోటికి రానివ్వండి

పేర్లు వస్తే సగం పని అయినట్టే. మిగతా సగం అడగడం. "గివ్ మీ స్పూన్" అంటే తప్పు కాదు గానీ కసురుకున్నట్టు ఉంటుంది. తెలుగులో "కాస్త", "కొంచెం" చేర్చి మెత్తన చేస్తాం కదా, ఇంగ్లీషులో ఆ పని "కుడ్" చేస్తుంది.

"కుడ్ ఐ గెట్ ఎ ఫోర్క్, ప్లీజ్?"
"కుడ్ వి గెట్ టూ ఎక్స్‌ట్రా ప్లేట్స్?"
"ఐ డ్రాప్ట్ మై స్పూన్. కుడ్ ఐ హావ్ అనదర్ వన్?"
"కుడ్ వి గెట్ సమ్ నాప్‌కిన్స్?"

చివరిదాని గురించి ఒక మాట. మన దగ్గర నాప్‌కిన్ అంటే ఆడవాళ్లం నలుగురిలో అనడానికి మొహమాటపడతాం. అక్కడ బల్ల మీద చేయి తుడుచుకునే కాగితమైనా, గుడ్డైనా నాప్‌కిన్‌. ధైర్యంగా అడగండి. టిష్యూ అంటే జలుబు చేస్తే ముక్కు తుడుచుకునేది ఇస్తారు.

అమెరికన్ హోటల్లో తింటుండగా వచ్చి "ఆర్ యూ స్టిల్ వర్కింగ్ ఆన్ దట్?" అంటారు. ఉద్యోగం గురించి కాదు. ఇంకా తింటారా, తీసేయమంటారా అని. అత్తయ్య మొదటిసారి "నో, హౌస్‌వైఫ్" అన్నారు. తింటుంటే "యెస్, స్టిల్ ఈటింగ్", అయిపోతే "ఐయామ్ డన్, థాంక్యూ". మిగిలింది ఇంటికి పట్టుకెళ్లాలంటే పార్సిల్ అనకండి, అది వాళ్లకు పోస్టులో వచ్చే పొట్లం. "కుడ్ ఐ గెట్ ఎ బాక్స్?" అనండి. కొనేటప్పుడే కట్టించుకోవాలంటే అమెరికాలో "టు గో", బ్రిటన్‌లో "టేక్‌అవే".

రోజూ రాత్రి భోజనాల దగ్గర పది నిమిషాలు ఈ వాక్యాలతోనే వడ్డన నడపండి. పిల్లలుంటే ఇంకా మేలు, తప్పు పట్టుకోవడం వాళ్లకు మహా సరదా.

పేరు లేకపోతే పని చెప్పండి

కొన్నిటికి ఇంగ్లీషులో పేరే లేదు. కత్తిపీట తీసుకోండి. వాళ్లు కత్తిని కదిలిస్తారు, మనం కూరగాయను కదిలిస్తాం. దానికి పేరు వెతుక్కోవడం కన్నా "ఇట్స్ ఎ..." అని మొదలుపెట్టి వస్తువేదో, "వి యూజ్ ఇట్ టు..." అని పనేదో చెప్పేయండి. "ఇట్స్ ఎ బ్లేడ్ ఫిక్స్‌డ్ టు ఎ బోర్డ్. వి యూజ్ ఇట్ టు కట్ వెజిటబుల్స్." విస్తరాకు అయితే "ఇట్స్ ఎ ప్లేట్ మేడ్ ఆఫ్ లీవ్స్". కవ్వం అయితే "ఇట్స్ ఎ వుడెన్ స్టిక్. వి యూజ్ ఇట్ టు చర్న్ బటర్‌మిల్క్". ఈ రెండు ముక్కలు వస్తే ఏ పేరు మరిచిపోయినా టెన్షన్ ఉండదు, లేడిల్ గుర్తు రాకపోతే "వి యూజ్ ఇట్ టు సర్వ్ సూప్" అంటే చాలు, ఎదుటివాళ్లే పేరు అందిస్తారు.

ఎంగిలికి మాత్రం నాకు ఇప్పటికీ మాట దొరకలేదు. "సమ్‌వన్ హాజ్ ఆల్‌రెడీ ఈటెన్ ఫ్రమ్ దిస్" అని చెప్పొచ్చు, కానీ అందులో మన ఎంగిలి పట్టింపు ఏమాత్రం రాదు.

చివరగా, సామాన్లు బోర్లించి చదవండి

కొత్త దేశంలో వంటింట్లోకి అడుగుపెట్టగానే ప్లేట్లు, బోల్స్ తిప్పి వెనక రాసింది చూడండి. "మైక్రోవేవ్ సేఫ్" అంటే మైక్రోవేవ్‌లో పెట్టొచ్చు. "డిష్‌వాషర్ సేఫ్" అంటే అంట్లు తోమే యంత్రంలో వేయొచ్చు. "హ్యాండ్ వాష్ ఓన్లీ" అంటే చేత్తోనే తోమాలి. "ఓవెన్ సేఫ్" ఉంటేనే ఓవెన్‌లోకి. ఓవెన్, మైక్రోవేవ్ ఒకటి కాదు, మనం రెంటినీ ఓవెన్ అనేస్తాం. ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె వెనక ఏమీ రాసి ఉండదు, మహా అయితే పెళ్లిలో చదివించినవాళ్ల పేరు చెక్కి ఉంటుంది. దాన్ని మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. అమ్మానాన్నలు వస్తుంటే చీటీలన్నిటికంటే ముందు మైక్రోవేవ్ తలుపు మీద ఒకటి అంటించండి: "నో స్టీల్".